సమస్యాపూరణం: "గోడ మీది గ్లాసు గొంతు తడిపె"

సమస్య ఇచ్చినవారు (కొండాపూర్):
మా అమ్మాయి కొత్త అద్దె ఫ్లాట్‌లో భోజనాల బల్ల వెనక గోడకి మూడు కాక్‌టెయిల్ బొమ్మలు తగిలించింది. మొహీటో, మార్టినీ, మార్గరీటా. మేకు కొడితే ఓనరు ఊరుకోడని అన్నీ అతికించే హుక్కులే. మార్టినీ గ్లాసులో ఆలివ్ కాయ కళ్ళజోడు పెట్టుకుని, పుల్ల పట్టుకుని ఈత కొడుతోంది. మార్గరీటా గ్లాసు అంచుకి ఉప్పు, మామిడి బద్దకి అద్దినట్టు. మా ఇంట్లో మందు ముట్టేవాళ్ళు లేరు, అయినా వచ్చినవాళ్ళ చూపు ముందు అటే పోతోంది. ఈ ఆటవెలది నాలుగో పాదం అక్కడ పుట్టిందే. బొమ్మలో గ్లాసు గొంతెలా తడుపుతుందో పై మూడు పాదాలూ రాసి మీరే చెప్పాలి.

కూకట్‌పల్లి నుంచి:

ఎండ మండిపోవ నేసియు చెడిపోయె
పటములోన పుదిన పచ్చదనము
నిమ్మముక్క జూడ నీరూరె నోటిలో
గోడ మీది గ్లాసు గొంతు తడిపె

మలక్‌పేట మాస్టారు:
ధార బాగుంది. ఏసీని పద్యంలోకి దింపిన తీరు ఇంకా బాగుంది. కానీ పుదీనాకి దీర్ఘం మింగేసి "పుదిన" చేశారేం? ఒక లఘువు (పొట్టి అక్షరం), రెండు గురువులు (పొడుగు అక్షరాలు) కాబట్టి ఒక్క గణంలో ఇమడదు, నిజమే. "పటములోని యాకు పచ్చదనము" అంటే గొడవే లేదు కదా.

కూకట్‌పల్లి:
వట్టి ఆకంటే ఏ ఆకో ఎవరికి తెలుస్తుంది మాస్టారూ? రమ్ము తీసేసినా మొహీటో మొహీటోనే. పుదీనా తీసేస్తే అది నిమ్మసోడా.

మాస్టారు:
సరే, దీర్ఘం మీరే తాగండి.

యూసఫ్‌గూడ నుంచి (మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి):

అమ్మ చూసి పలికె మార్టిని గ్లాసును
"ఉసిరికాయ పుల్ల నుంచినార?"
పచ్చడొకటి పట్టి పదిమెతుకులు కల్ప
గోడ మీది గ్లాసు గొంతు తడిపె

మాస్టారు:
ఆలివ్‌ని ఉసిరికాయ అనుకోవడం చదివి మా ఆవిడ కూడా నవ్వింది. అదీ ఉప్పునీళ్ళలో ఊరిందే కాబట్టి పచ్చడి దాకా పోవడం సహజమే. మొదటి పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండాల్సిన పొత్తు, తప్పింది. నాలుగో గణం "మా"తో మొదలైంది, పాదం "అ"తో. అమ్మని మామ్మని చేయండి, "మామ్మ చూసి పలికె", యతి కుదిరిపోతుంది. అసలు చిక్కు యతిలో లేదు. గొంతు తడిపింది పచ్చడి, గ్లాసు కాదు. సమస్య గోడ మీదే ఉండిపోయింది.

యూసఫ్‌గూడ:
మామ్మకి ఒప్పుకున్నాను. ఒక డౌటు. "మీది గ్లాసు"లో గ్లా ఒత్తున్న అక్షరం కదా, దాని వల్ల ముందున్న "ది" గురువు కాదా?

మాస్టారు:
కాదు. రెండూ వేరు వేరు పదాలు. సంస్కృత సమాసమైతే అప్పుడు లెక్క మారుతుంది.

అంబర్‌పేట నుంచి:

పిట్టగోడ చాటు పెద్దమ్మ పిలిచెను
అల్లముప్పు కలిపి యందజేసె
చల్లనైన చల్ల, చవులూర త్రాగితి
గోడ మీది గ్లాసు గొంతు తడిపె

కొండాపూర్:
నేను మూడు ఫ్రేముల గురించి అంత చెబితే మీరు వాటి ఊసే ఎత్తలేదు! అయినా మార్కులు మీకే. గోడంటే నాకు డ్రాయింగ్ రూము గోడే తోచింది, మీకు పక్కింటి పిట్టగోడ తోచింది. మా పాత ఇంట్లోనూ గిన్నెలు, గ్లాసులు గోడ మీదుగానే తిరిగేవి. ఫ్లాటుకొచ్చాక ఎదురింటి తలుపు కూడా కొట్టట్లేదు.

మాస్టారు:
"చల్లనైన చల్ల"లో మాటల చమత్కారం అడగకుండా వచ్చి కూర్చుంది. మా వైపు సల్ల అంటాం, కానీ అలా రాస్తే ఆ చమత్కారం పోతుంది.

అంబర్‌పేట:
పెద్దమ్మ కూడా సల్లే అనేది మాస్టారూ. పద్యం కోసం ఆమె నోట్లో మాట మార్చాను.

కొండాపూర్:
మా అమ్మాయి మూడు పద్యాలూ చదివి, మార్టినీ కింద మామ్మ పద్యం రాసి అతికిస్తానంటోంది. యతి దిద్దాకే ఇస్తాను. వచ్చే వారానికి మళ్ళీ ఆటవెలది నాలుగో పాదమే: "బారు లేని ఇంట బారు తీరె".