స్లీప్ నుంచి లేపాక 144 హెర్ట్జ్ మాయం: కేబుల్ తప్పా, లింక్ ట్రైనింగ్ తప్పా?

అందరికీ నమస్తే, కర్నూలు నుంచి అడుగుతున్నాను. మానిటర్ 2560×1440, 144 హెర్ట్జ్. లైనక్స్‌లో ఓపెన్‌సోర్స్ ఏఎండీజీపీయూ డ్రైవర్, 3 మీటర్ల డిస్‌ప్లేపోర్ట్ కేబుల్. కొత్తగా ఆన్ చేస్తే రిఫ్రెష్ రేట్ల లిస్టులో 144 ఉంటుంది. స్లీప్ నుంచి లేపితే 120, 144 రెండూ పోయి 60, 75 మాత్రమే మిగులుతాయి. కేబుల్ పీకి మళ్లీ పెడితే తిరిగొస్తాయి.

లెక్క ఇలా ఉంది. 144కి, పిక్సెల్‌కు 24 బిట్ల చొప్పున, సెకనుకు సుమారు 14 గిగాబిట్లు కావాలి. కేబుల్‌లోని నాలుగు లేన్లూ (డేటా దారులు) ఒక్కోటి 5.4 గిగాబిట్ల వేగంతో కలిస్తే, ఎన్‌కోడింగ్‌కి పోయేది పోగా 17.28 గిగాబిట్లు దొరుకుతాయి. 2.7కి పడిపోతే 8.64 మాత్రమే, అందులో 75 పడుతుంది, 120 పట్టదు. లక్షణం అచ్చం ఇదే.

డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ లోపలి వివరాలు చూపే ఫైళ్ల చోటు) ఆ పోర్టు కింద లింక్ సెట్టింగ్స్ ఫైలు చూశాను. "రిపోర్టెడ్" దగ్గర 0ఎక్స్14 (అంటే 5.4), "వెరిఫైడ్" దగ్గర 0ఎక్స్0ఏ (అంటే 2.7). మానిటర్ చేయగలనంటోంది, లింక్ ట్రైనింగ్‌లో (కార్డు, మానిటర్ కలిసి లేన్ల వేగాన్ని పరీక్షించి ఖాయం చేసుకునే దశ) మాత్రం ఆ వేగం నిలబడటం లేదు. అందుకే ఎక్స్‌రాండర్‌తో (డిస్‌ప్లే సెట్టింగ్‌లు మార్చే కమాండ్) 144 మోడ్ చేత్తో కలిపినా ఫలితం లేదు. అదే ఫైలులో 4, 0ఎక్స్14 రాసి బలవంతం చేస్తే 144 వస్తుంది, కానీ నల్లటి బొమ్మల మీద తెల్ల చుక్కలు మెరుస్తాయి. నా అనుమానం కేబుల్ మీదే.

హెచ్‌డీఎంఐ దారి లేదు: మానిటర్‌ది 1.4, దాని పిక్సెల్ క్లాక్ (సెకనుకు పంపే పిక్సెళ్ల వేగం) 340 మెగాహెర్ట్జ్ దాటదు, 144కి అది చాలదు.

1.5 మీటర్ల కేబుల్‌కి మార్చాక ఇది పోయినవాళ్లున్నారా? లేక నిద్రలేచేటప్పుడు మానిటర్ ఆలస్యంగా పలకడం వల్లా? కేబుల్ కొనకముందే రెండింటినీ విడదీసే పరీక్ష ఉంటే దయచేసి చెప్పండి.