ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ ఇంట్లోనే మార్చుకోవచ్చా, ఆటోనగర్‌కే పోవాలా?

బ్రాడీపేట_2010:
నాది 2010 మోడల్ పెట్రోల్ కారు, లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ గుంటూరు నుంచి విజయవాడ వెళ్లి వస్తా. రెండు వారాలుగా కాజ టోల్‌గేట్ దగ్గర ఆగగానే నూనె మాడిన వాసన. ముందున్న లారీదేమో అనుకున్నా. నిన్న బానెట్ ఎత్తితే ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) అంచు పొడుగునా జిడ్డు, దానికి దుమ్ము పట్టి నల్లగా పేరుకుపోయి ఉంది. నూనె వెనక్కి జారి, పొగ బయటికి పోయే వేడి గొట్టాలు, అదే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడుతోంది.
మా వీధి చివర షెడ్డులో ఆ మూత కింద ఉండే రబ్బరు ప్యాకింగు, కూలీ కలిపి 2,200 అన్నారు. విడిగా ప్యాకింగ్ 480. ఉన్నవి ఎనిమిది బోల్టులు, అన్నీ పది నెంబరు పానాతో విప్పేవే. నేనే మార్చేద్దామని ఉంది. నాన్నగారేమో "ఇంజిన్ విప్పితే నేను ఆ కారెక్కను" అంటున్నారు. మీరేమంటారు?

పటమట_పానా:
నాన్నగారు మధ్యాహ్నం పడుకున్నాక మొదలెట్టండి. రెండు గంటల పని. రెండేళ్ల కిందట నాది నేనే మార్చుకున్నా, ఇప్పటికీ చుక్క కారలేదు.
ఇంజిన్ పూర్తిగా చల్లారాలి, అంటే రాత్రి ఆపిన బండిని పొద్దున ముట్టుకోవాలి. ముందు చుట్టూ ఉన్న దుమ్మంతా తుడిచెయ్యండి, లేకపోతే కవర్ ఎత్తగానే అది నేరుగా లోపల వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్ మీద పడుతుంది. బ్యాటరీ మైనస్ వైరు తీసి, ప్లగ్గుల మీదుండే ఇగ్నిషన్ కాయిల్స్ తీసి, బోల్టులు చివర్ల నుంచి మధ్యకి వదులు చేసుకుంటూ రండి. కవర్ అంటుకుపోయి ఉంటే స్క్రూడ్రైవర్ దూర్చకండి, గీత పడితే అక్కడి నుంచే మళ్లీ కారుతుంది. రబ్బరు సుత్తితో పక్కల నుంచి చిన్నగా తట్టండి. కవర్ కూర్చునే హెడ్డు మీద మిగిలిన పాత రబ్బరు గీకడానికి గడువు తీరిన ఏటీఎం కార్డు భేషుగ్గా పనికొస్తుంది. ఎమెరీ పేపర్ మాత్రం వద్దు, ఆ పొడి లోపలికి పోతే ఇంజిన్‌కి విషం. తర్వాత కొత్త ప్యాకింగ్ కవర్ గాడిలో కూర్చోబెట్టి, మధ్య నుంచి చివర్లకి బిగించుకుంటూ పోవడమే.

ఆటోనగర్_అబ్బాయి:
అన్నా, అంతా చెప్పారు, ఎంత బిగించాలో చెప్పలేదేం? నా అన్నం అక్కడే ఉంది.
అవి ఆరు మిల్లీమీటర్ల సన్న బోల్టులు. చిన్న కార్లలో చాలావాటికి సుమారు 8 నుంచి 11 న్యూటన్ మీటర్లు చాలు. కచ్చితమైన అంకె మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. కారుతోంది కదా అని పొడుగు రాట్చెట్ తగిలించి "ఇంకాస్త" అంటే అల్యూమినియం హెడ్డులో మరలు ఊడి వచ్చేస్తాయి, లేదా బోల్టు లోపలే తెగుతుంది. ఆదివారం ఇంట్లో విప్పి, సోమవారం తాడు కట్టి లాక్కొచ్చిన బండ్లు ఎన్నో చూశా. అప్పుడు ఊడిన మరల చోట హెలికాయిల్ అనే తీగ చుట్ట వెయ్యాలి. ఆ ఖర్చు ముందు మీ 2,200 ఏ మూలకి?

సత్యనారాయణపురం_అక్క:
తమ్ముడూ, బాగానే చెప్పావు. నా కథ కూడా విను. నేను బుద్ధిగా షెడ్డుకే ఇచ్చా. కుర్రాడు కొత్త రబ్బరు ప్యాకింగ్ చుట్టూ సిలికాన్ పేస్టు దట్టంగా పూసి బిగించాడు. బయటికి వచ్చినంత ముద్దా లోపలికీ పోతుంది కదా. ఆ ముక్కలు ఊడి, చాంబరులో ఆయిల్ పీల్చే జాలీకి అడ్డం పడ్డాయి. దుర్గమ్మ గుడి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఆయిల్ లైటు ఎర్రగా వెలిగింది. వెంటనే ఆపాను కాబట్టి ఇంజిన్ దక్కింది. వెళ్లి అడిగితే "అప్పుడు చేసిన కుర్రాడు మానేశాడమ్మా" అన్నారు. కూలీ ఇచ్చేది పూచీకి కూడా అనుకున్నా నేను.

ఆటోనగర్_అబ్బాయి:
అక్కా, రబ్బరు ప్యాకింగ్‌కి చుట్టూ పేస్టు పూసేవాడు మెకానిక్ కాదు, సున్నాలేసేవాడు. టైమింగ్ చైన్‌ని మూసే టైమింగ్ కవర్ హెడ్డును కలిసే మూలల్లో మాత్రం కందిగింజంత పెట్టాలి. అందరినీ ఒకే గాటన కట్టకండి.

రిటైర్డ్_ఫిజిక్స్:
ఎవరు మార్చాలో తర్వాత చూద్దాం, ఎందుకు కారుతోందో ఎవరూ అడగరేం? మన ఎండలకి, ఇంజిన్ వేడికి రబ్బరు గట్టిపడి బిళ్లలా తయారవుతుంది, నిజమే. ఇంకో కారణం కూడా ఉంటుంది. మండిన వాయువు కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి దిగుతుంది. దాన్ని మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపేది పీసీవీ వాల్వ్. అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, నూనెని అంచుల్లోంచి బయటికి నెడుతుంది. అప్పుడు ఎంత మంచి ప్యాకింగ్ వేసినా కొన్నాళ్లకే మళ్లీ తడి. వాల్వ్ తీసి చెవి దగ్గర ఊపండి, చాలా రకాల్లో గిలక్కాయలా చప్పుడు రావాలి. ఇంకొకటి, అంచంతా శుభ్రంగా తుడిచి మామూలు టాల్కం పౌడర్ చల్లి కాసేపు తిప్పి రండి. ఎక్కడ తడిసిందో అక్కడే లీకు. ఆయిల్ పోసే మూత దగ్గర కారినా కవర్‌దేనని పొరబడేవాళ్లున్నారు.

బ్రాడీపేట_2010:
మాస్టారూ, దండం. వాల్వ్ ఊపితే చప్పుడే లేదు. పౌడర్ వెనక అంచున మొత్తం తడిసింది. ఇంకోటి, మూడో కాయిల్ పైకి లాగితే దాని రబ్బరు తొడుగు నూనెలో ముంచి తీసినట్టుంది. పొద్దున్నే బండి కుదుపుతోంది ఇందుకేనా?

పటమట_పానా:
అదే. స్పార్క్ ప్లగ్ గొట్టాల సీళ్లు కూడా పోయాయి. నేను చెప్పడం మర్చిపోయా, తప్పు నాదే. బయటి ప్యాకింగ్ ఒక్కటే కొనకండి, సీళ్లతో కలిపి సెట్టు అడగండి. ప్లగ్ విప్పేముందు గుంతలో నూనె గుడ్డతో పీల్చెయ్యండి, లేకపోతే సిలిండర్లోకి దిగుతుంది.

ఆటోనగర్_అబ్బాయి:
మర్చిపోయారట! ఇందుకే మేమున్నది.

బ్రాడీపేట_2010:
ఆదివారం మార్చేశా. సెట్టు, పీసీవీ వాల్వ్ కొత్తవి. టార్క్ రెంచ్ (బిగింపు కొలిచే పానా) స్నేహితుడిది, 10 దగ్గర పెట్టా. రెండు గంటలన్నారు, నాకు ఐదు పట్టింది. కుదుపు పోయింది, టోల్‌గేట్ దగ్గర వాసన లేదు. నాన్నగారు వెనక సీట్లో కూర్చున్నారు, ఏమీ మాట్లాడలేదు. ఒక్కటే అనుమానం: మూడు వైపులా పౌడర్ తెల్లగానే ఉంది, టైమింగ్ కవర్ పక్క మూల మాత్రం కొంచెం చెమ్మ. ఇంకాస్త బిగించనా?

ఆటోనగర్_అబ్బాయి:
వద్దు! పేస్టు పెట్టాక ఎంతసేపటికి స్టార్ట్ చేశారు?

బ్రాడీపేట_2010:
అరగంట.

ఆటోనగర్_అబ్బాయి:
ట్యూబు మీద ఏం రాసుందో చదవండి. పూర్తిగా గట్టిపడటానికి మామూలుగా 24 గంటలు కావాలి. మళ్లీ కవర్ విప్పి, ఆ మూల శుభ్రం చేసి కొత్తగా పెట్టి, ఓ రాత్రంతా వదిలెయ్యండి. ప్యాకింగ్ కొత్తదేగా, అదే వాడుకోవచ్చు.

సత్యనారాయణపురం_అక్క:
అంటే మళ్లీ ఇంట్లోనే చేసుకోమంటున్నావా తమ్ముడూ?

ఆటోనగర్_అబ్బాయి:
ఈసారికి.