పాతబస్తీ మ్యాపులో తెలుగు పేర్ల వత్తులు రోడ్ల మీద పడకుండా ఎలా పెట్టాలి?

క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో హైదరాబాద్ పాతబస్తీ నడక మ్యాపు చేస్తున్నాను. డేటా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ది, ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదును కాగితం మీదికి దించే పద్ధతి) యూటీఎం 44 ఉత్తరం, ఏ3 నిలువు కాగితం, స్కేలు 1:10,000. అంటే అఫ్జల్‌గంజ్ నుంచి దక్షిణానికి దాదాపు 4 కిలోమీటర్లు పడుతుంది. రోడ్ల రంగులు, మూసీ నీలం బాగానే కుదిరాయి. చిక్కంతా పేర్ల దగ్గరే.

ఇంగ్లీషు పేరు 7 పాయింట్లలో హాయిగా చదవొచ్చు. అదే సైజులో ‘పత్థర్‌గట్టి’ పెడితే థవత్తు, టవత్తు కిందికి దిగి రోడ్డు గీతను తాకుతున్నాయి. అక్షరాల చుట్టూ 1 మి.మీ. తెల్ల అంచు ఇస్తే గీత తెగి, అక్కడ సందు మూసుకుపోయినట్టు కనిపిస్తోంది. నడిచేవాళ్లకి ఇది తప్పుదారే. అంచు 0.4కి తగ్గిస్తే గీత నిలుస్తోంది గానీ వత్తు అందులో కలిసిపోతోంది. సైజు 9కి పెంచితే లాడ్ బజార్ పేరు చార్మినార్ గుర్తు మీదికెక్కుతోంది.

వంపు లేబుల్ (రోడ్డు వంపు వెంట తిరిగే పేరు) పెడితే ఇంకా ఘోరం: ‘హుస్సేనీ ఆలం’లో సవత్తు తన అక్షరాన్ని వదిలి పక్కకు జరుగుతోంది.

తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. వంపు మానేసి, పేరును రోడ్డుకు సమాంతరంగా 1.5 మి.మీ. పైకి జరిపితే సరిపోతుందా? చిన్న సైజులో వత్తులు మరీ కిందికి దిగని ఫాంట్ ఏది, నోటో సాన్స్ తెలుగా, మండలియా? తెల్ల అంచు బదులు మాస్క్ (పేరు కింద మనం ఎంచుకున్న గీతల్ని మాత్రమే దాచే ఏర్పాటు) పెట్టి సన్న సందుల్ని వదిలేసి పెద్ద రోడ్లను మాత్రమే కప్పితే, పీడీఎఫ్‌లో అక్షరాల పదును తగ్గుతుందా?