పేపర్ మోడల్‌లో సైకిల్ స్పోకులు: అట్టలో కోయాలా, దారం కట్టాలా?

అట్టముక్క: పాత నల్ల సైకిల్ ఒకటి 1:12 స్కేల్‌లో, అంటే అసలు దాంట్లో పన్నెండో వంతు సైజులో కడుతున్నా. ఫ్రేమ్ అయిపోయింది, చక్రాల దగ్గర ఆగింది. దారం వాడితే అది ఇంక పేపర్ మోడల్ ఎలా అవుతుంది? స్పోకులు కూడా అట్టలోనే కోయాలంటాను.

పాతరిమ్ము: కోయి తమ్ముడూ, చూద్దాం. అసలు స్పోకు మందమే 2 మి.మీ., నీ స్కేల్‌లో 0.17. అంత సన్నగా బ్లేడు పెడితే అట్ట చిరిగిపోతుంది. పోనీ అర మిల్లీమీటరు ఉంచావే అనుకో, ముందు చక్రానికి 32, వెనక దానికి 40 కదా, చక్రం మధ్యలో స్పోకులన్నీ కలిసే హబ్ దగ్గరికొచ్చేసరికి అన్నీ అతుక్కుపోయి బిళ్లలా మిగుల్తుంది.

అట్టముక్క: మరి ఎడ్లబండి చక్రాలు అందరూ అట్టతోనే చేస్తున్నారుగా? మూడు పొరలు అంటించి, ఫెవిక్విక్ పట్టించి ఆరాక కోస్తే రాయిలా ఉంటుంది.

ఇరుసు: బండి చక్రం లెక్క వేరు అన్నా. కాల్చి తొడిగిన ఇనప పట్టా చల్లారి బిగిస్తే ఆకులు, అంటే దాని చెక్క స్పోకులు, లోపలికి నొక్కుకుంటాయి, బరువు మోసేది కింది ఆకులు. అక్కడ అట్టే కరెక్ట్. సైకిల్ స్పోకు నిలబడేదే లాగుడు మీద. దారం కూడా అంతే, కాబట్టి నా దృష్టిలో ఇది మోసం కాదు. పైగా హబ్‌కి రెండు అంచులుంటాయి, స్పోకులు ఒకటి కుడి అంచుకి, ఒకటి ఎడమ అంచుకి పోతాయి, ఒక్కోటి తన వైపువి మూడింటిని దాటుతుంది. ఒకే అట్టలో కోస్తే ఇదంతా పోయి చక్రం బొమ్మ గీసినట్టుంటుంది. రిమ్మును థర్మాకోల్ మీద గుండుసూదులతో బిగించి, ముందు ఎదురెదురుగా నాలుగు దారాలు కట్టు. ఒకవైపు నుంచి వరసగా కట్టుకుంటూ పోతే రిమ్ము కోడిగుడ్డవుతుంది.

పాతరిమ్ము: నూగు లేని దారం తీసుకో, లేదంటే ఫెవికాల్ నీళ్లలో ముంచి వేళ్లతో దువ్వు. ఆ నూగు మీద పెయింట్ పడితే గొంగళిపురుగే.

అట్టముక్క: పోటీకి పెడదామనుకుంటున్నానండీ, కాగితం తప్ప ఏదీ వాడొద్దన్నారు.

ఇరుసు: అది ముందే చెప్పాల్సింది! అయితే టిష్యూ పేపర్‌ని సన్నగా చీల్చి, పల్చటి ఫెవికాల్ తడితో పురి పెట్టు. దారం కంటే లావొస్తుంది, గట్టిగా లాగితే పుటుక్కుమంటుంది.

పాతరిమ్ము: అలాగైతే స్కేలే పెంచడం నయం. 1:6 చెయ్యి.