నవ్వించే వార్తలతో ఇంగ్లీషు పదాలు వస్తాయా, లేక కాలక్షేపమేనా?

పదాలపిచ్చి:
రాజకీయం, ఆర్థికం మీద వచ్చే వ్యంగ్య వార్తలు చదివితే ఇంగ్లీషు పదాలు బాగా వస్తాయని నా వాదన. జాబితా పెట్టుకుని బట్టీ కొట్టిన పదం వారం తిరక్కుండా పోతుంది, నవ్వుకున్న పదం పోదు.

ఒక్క ఉదంతం చాలు. 2022 సెప్టెంబరు 23న బ్రిటన్‌లో ప్రధాని లిజ్ ట్రస్ ప్రభుత్వం మినీ బడ్జెట్ పెట్టింది. భారీగా పన్నులు తగ్గిస్తామన్నారు, ఆ లోటు దేంతో పూడుస్తారో చెప్పలేదు. పౌండు పడిపోయింది, ప్రభుత్వ బాండ్ల మీద వడ్డీ ఎగబాకింది. పగ్గాలు నిజంగా ఆమె చేతిలో ఉన్నది వారం రోజులేనని, అది దాదాపు ఒక లెట్యూస్ (సలాడ్లో వేసే ఆకుకూర) షెల్ఫ్ లైఫ్, అంటే పాడవకుండా నిలవుండే కాలం అని ది ఎకానమిస్ట్ పత్రిక రాసింది. డైలీ స్టార్ అనే టాబ్లాయిడ్ ఊరుకుంటుందా? ఎవరు ఎక్కువ రోజులు నిలుస్తారో చూద్దామంటూ నిజంగానే ఒక లెట్యూస్ తెచ్చి, ఆమె ఫోటో పక్కన పెట్టి, దానికి విగ్గు కూడా తగిలించి లైవ్‌లో చూపించింది. అక్టోబరు 20న ఆమె రాజీనామా ప్రకటించేనాటికి లెట్యూస్ ఇంకా పోటీలోనే ఉంది. షెల్ఫ్ లైఫ్, యూ-టర్న్, అన్‌ఫండెడ్ ట్యాక్స్ కట్స్, గిల్ట్స్... ఈ గొడవ ఒక్కటి చదివితే ఇన్ని పదాలు వచ్చి పడతాయి. గిల్ట్స్ అంటే బ్రిటన్ ప్రభుత్వ బాండ్లేనని ఇక జన్మలో మర్చిపోం.

లెక్కలమాస్టారు:
నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అనలేదు. పిచ్చిగారూ, బాండు అంటే ఏమిటో, వడ్డీ పెరిగితే ఎవరికి దెబ్బో మీకు ముందే తెలుసు కాబట్టి నవ్వొచ్చింది. ఏమీ తెలియనివాడికి అది కూరగాయ మీద వార్త.

ఏ పాఠమైనా ఎవరి సాయం లేకుండా అర్థం కావాలంటే నూటికి 98 పదాలు ముందే తెలిసి ఉండాలని హూ, నేషన్ అనే పరిశోధకులు 2000లో తేల్చారు. వ్యంగ్యానికి అదీ చాలదు, వెనక కథ కూడా తెలియాలి. అమెరికా వ్యంగ్య పత్రిక ది ఆనియన్ 2012లో ఉత్తర కొరియా కిమ్ జాంగ్ ఉన్‌ను ఆ ఏటి అందగాడిగా ప్రకటిస్తే, చైనా పీపుల్స్ డైలీ వెబ్‌సైట్ అది నిజమనుకుని 55 ఫోటోలతో వేసేసింది. రోజూ వార్తలతోనే బతికేవాళ్లకే ఆ గతి పడితే నేర్చుకునేవాడి సంగతేమిటి?

పదాలపిచ్చి:
మాస్టారూ, వాళ్లు తప్పులో కాలేసింది పదాలు తెలియక కాదు కదా. ఆ వార్తలో ప్రతి పదమూ వాళ్లకు అర్థమై ఉంటుంది. పట్టుకోలేకపోయింది వెటకారాన్ని.

లెక్కలమాస్టారు:
నేననేదీ అదే! వెటకారంలో పదాన్ని తలకిందులు చేసి వాడతారు. ప్రైవేట్ ఐ అనే బ్రిటిష్ పత్రిక 1960ల నుంచీ తాగి ఉన్న రాజకీయ నాయకుణ్ణి టైర్డ్ అండ్ ఎమోషనల్ అంటుంది. తాగాడని నేరుగా రాస్తే పరువు నష్టం దావా పడుతుందని ఆ ముసుగు. దాన్ని మామూలు మాటగా నేర్చుకున్నవాడు, ఒంట్లో నలతగా ఉంది సెలవు కావాలంటూ ఆ మాటే రాసి బాసుకు పంపిస్తే?

రాత్రిడ్యూటీ:
మాస్టారి ఆఖరి వాక్యానికి నా టీ ఒలికిపోయింది. అయినా నేను పిచ్చిగారి వైపే, కారణం వేరు. నేను పొద్దస్తమానం మార్కెట్ రిపోర్టులు చదివే ఉద్యోగంలో ఉన్నాను. ఈ రంగంలో సీరియస్ పదాలే సగం జోకులు. బాగా పడిపోయిన షేరు ఒక్కరోజు కాస్త లేస్తే డెడ్ క్యాట్ బౌన్స్ అంటారు: అంత ఎత్తు నుంచి పడితే చచ్చిన పిల్లి కూడా ఒకసారి ఎగురుతుందట! అప్పిచ్చినవాడు రావలసిన దాంట్లో కొంత వదులుకుంటే హెయిర్‌కట్. లేమ్ డక్ అనే మాట 18వ శతాబ్దంలో లండన్ షేర్ మార్కెట్లో బాకీ తీర్చలేక చేతులెత్తేసినవాడికి పెట్టిన పేరు, తర్వాత రాజకీయాల్లోకి వచ్చి దిగిపోయే రోజు ఖాయమైన నాయకుడికి అంటుకుంది. ట్రికిల్ డౌన్ సంగతి ఇంకా తమాషా. 1932లో హాస్య రచయిత విల్ రోజర్స్ తన కాలమ్‌లో, డబ్బంతా పైవాళ్లకే పంచిపెట్టారు, అది కారుకుంటూ కింది పేదల దాకా వస్తుందని ఆశ అంటూ ఎద్దేవా చేశాడు. ఆ మాట ప్రచారంలోకి రావడంలో ఆయన వెటకారానికి పెద్ద వాటా ఉంది. ఇప్పుడు అదే మాట మీద ఆర్థికవేత్తలు గంభీరంగా కొట్టుకుంటున్నారు. ఇక జోకును పక్కన పెట్టి పదం ఒక్కటే నేర్చుకోవడం ఎలా?

ఒక్క జాగ్రత్త చెప్తాను. చచ్చిన పిల్లులు రెండున్నాయి. రాజకీయాల్లో డెడ్ క్యాట్ అంటే, ఇబ్బంది పెట్టే చర్చను మళ్లించడానికి బల్ల మీద చచ్చిన పిల్లిని విసిరినట్టు ఏదో దిగ్భ్రాంతికరమైన మాట అనడం. షేర్ల పిల్లికీ దీనికీ సంబంధం లేదు.

చిన్నమాట:
హెడ్డింగులు చదివి పదాలు నేర్చుకోవద్దని నా మనవి. చోటు తక్కువని వాళ్లకో సొంత భాష ఉంది. గొడవ అనడానికి రౌ (row), ఉద్యోగాలు తీసేయడానికి యాక్స్, ఆలోచించడానికి మల్. మనుషులు అలా మాట్లాడరు. అన్నట్టు స్పెల్లింగ్ ఒకటే అయినా, గొడవ అయితే రౌ అని పలకాలి, వరస అయితేనే రో.

కొత్తగావచ్చా:
నాకు మామూలు ఇంగ్లీషు వార్తలే సగం అర్థమవుతాయి. ఇదంతా చదివాక టెన్షన్ పెరిగింది. ఏం చేయమంటారు?

రాత్రిడ్యూటీ:
కంగారు పడకండి. ఏదో ఒక్క విషయం పట్టుకోండి. ముందు దాని మీద మామూలు వార్త చదవండి, మర్నాడు అదే విషయం మీద కార్టూనో వ్యంగ్యమో చూడండి. పదాన్ని వాక్యంతో సహా రాసుకుని, పక్కన ఇది ఆఫీసులో వాడొచ్చా, వెక్కిరించడానికేనా అని గుర్తు పెట్టుకోండి. ఆమ్నిషాంబుల్స్ చూడండి. అన్నీ అస్తవ్యస్తం అని అర్థం. 2009లో ఒక బ్రిటిష్ టీవీ కామెడీలో పుట్టింది, 2012లో ప్రతిపక్ష నేత ఎడ్ మిలిబాండ్ పార్లమెంటులోనే బడ్జెట్‌ను ఆ మాటతో వెక్కిరించారు, ఆ ఏడాది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్లు మేటి పదంగా ఎంచారు. అయినా ఆఫీసు రిపోర్టులో రాయలేం.

లెక్కలమాస్టారు:
రాయలేని పదానికి అంత ప్రయాస ఎందుకండీ? స్టాగ్‌ఫ్లేషన్ చూడండి. 1965లో ఇయాన్ మెక్లియోడ్ అనే ఎంపీ బ్రిటన్ పార్లమెంటు ప్రసంగంలో వాడారు. ఎదుగుదల ఆగిపోవడం, ధరలు పెరగడం, రెండూ ఒకేసారి వచ్చి పడటం. జోకు లేదు, విగ్గు లేదు. సంగతి అర్థమైంది కాబట్టి గుర్తుంటుంది, పరీక్షలో రాసినా మార్కులు పడతాయి.

పదాలపిచ్చి:
అందరూ పరీక్ష కోసమే చదువుతారా మాస్టారూ? పార్లమెంటులో ఆ నాయకుడు ఎందుకు వెక్కిరిస్తున్నాడో తెలియకపోతే వార్త చదివీ ప్రయోజనం లేదు.

లెక్కలమాస్టారు:
వెక్కిరింపు అర్థం చేసుకోవడం వేరు, దాంతో ఓనమాలు దిద్దించడం వేరు. మొదటిదానికి నాకు అభ్యంతరం లేదు.

రాత్రిడ్యూటీ:
కొత్తగావచ్చా గారూ, వీళ్లిద్దరూ ఇప్పట్లో తేల్చరు. మీరు ష్రింక్‌ఫ్లేషన్‌తో మొదలుపెట్టండి. ధర అంతే ఉంచి ప్యాకెట్ చిన్నది చేయడం. దాని మీద మామూలు వార్తలకూ కొదవ లేదు, జోకులకూ లేదు. చదివి మీ సొంత వాక్యం ఒకటి ఇక్కడ పెట్టండి, మాస్టారు తప్పులు దిద్దుతారు.