పాత జెన్‌కి బ్రేకులు అప్‌గ్రేడ్ చేయాలి, ఎస్టీమ్ డిస్కులు పడతాయా?

జెన్‌బాబు_04:
అందరికీ నమస్కారం. నాన్నగారి 2004 మారుతి జెన్ కారు ఇప్పుడు నా చేతికొచ్చింది, లక్షా 12 వేలు తిరిగింది, ఇంజన్ ఇంకా కుట్టుమిషన్‌లా ఉంది. గొడవంతా బ్రేకులతోనే. ఊళ్ళో పర్లేదు గానీ హైవే మీద 80లో తొక్కితే ఆగుదామా వద్దా అని ఆలోచించుకుని ఆగుతుంది. మొన్న తిరుమల నుంచి దిగుతుంటే సగం దారిలో కాలిన వాసన, పెడల్ మెత్తబడి నేలకి దగ్గరగా వెళ్ళిపోయింది. పక్కన అమ్మ గోవిందా గోవిందా అంటోంది, నేనూ గోవిందా అనే అనుకున్నా, అర్థం వేరు. మారుతిదే పెద్ద కారు ఎస్టీమ్ డిస్కులు, కాలిపర్లు (ప్యాడ్లని డిస్కుకి అదిమేవి) దీనికి పడతాయా? వెనక డ్రమ్ములు (చక్రంతో తిరిగే గిన్నెలు, లోపల్నుంచి షూలు ఒత్తి ఆపేవి) పీకేసి డిస్కులు పెట్టించొచ్చా? పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి తోసే మాస్టర్ సిలిండర్ కూడా మార్చాలా? బడ్జెట్ 15 వేలు.

ఆటోనగర్ బుజ్జి:
తమ్ముడూ ముందు వెనక డ్రమ్ములు విప్పించి ఎన్నేళ్ళయింది? బెజవాడ ఆటోనగర్‌లో 22 ఏళ్ళ నుంచి ఇదే పని, బ్రేకులు చాలట్లేదని వచ్చిన పాత చిన్న బండ్లలో పదింటికి ఏడు వెనక డ్రమ్ముల దగ్గరే దొరుకుతాయి. ముందు ప్యాడ్లు మారుస్తారు, వెనక్కి ఎవడూ వెళ్ళడు. షూని డ్రమ్ముకి దగ్గరగా ఉంచే అడ్జస్టర్ తుప్పు పట్టి బిగుసుకుపోద్ది, షూ మీద ఉండే పట్టీ, అదే లైనర్, అరిగేకొద్దీ షూ డ్రమ్ముకి దూరమైపోద్ది, నువ్వు తొక్కిన తొక్కుడు సగం ఆ ఖాళీ నింపడానికే సరిపోద్ది. హ్యాండ్ బ్రేక్ ఎన్ని టిక్కులకి పట్టుద్దో చెప్పు, టిక్కులు ఎక్కువైతే ఆ ఖాళీ ఎక్కువన్నట్టే.

రాణిగంజ్ రాజన్న:
నేను చేయించిన అన్నా, నా 2001 జెన్‌కి. స్క్రాప్‌ల ఎస్టీమ్ దొరికితే నకిల్, హబ్ (చక్రం ఎక్కే భాగాలు), కాలిపర్, డిస్క్ మొత్తం సెట్టు లేపుకొచ్చిన. ఉత్త డిస్క్ కాలిపర్ కొంటే నడవది, ఎవడన్న నడుస్తదంటే నమ్మకు. పెట్టినంక పెడల్ ఇంకింత కిందికి పోయింది, ఎందుకంటే కాలిపర్‌ల పిస్టన్ పెద్దగైంది, దాన్ని నూకెటందుకు ఆయిల్ ఎక్కువ గావాలె, పాత మాస్టర్ సిలిండర్ గంత తొయ్యలేదు. మళ్ళ ఎస్టీమ్‌దే మాస్టర్ ఏసినంక సక్కగైంది. మస్తు పడుతది ఇప్పుడు. 11 వేలైంది, మూడు ఆదివారాలు పోయినయ్.

చిత్తూరోడు:
అదంతా సరేప్పా, ఆ యబ్బాయి ఘాట్‌లో ఏ గేర్లో దిగినాడో ఎవురూ అడగరేమి?

జెన్‌బాబు_04:
హ్యాండ్ బ్రేక్ 9 టిక్కులు బుజ్జన్నా. గేర్ అంటే... ఎక్కువగా న్యూట్రల్‌లోనే. నాన్న ఎప్పుడూ అలాగే దిగేవారు, పెట్రోల్ కలిసొస్తుందని.

చిత్తూరోడు:
అయిపాయ. దొరికింది రోగం. ఎస్టీమ్ డిస్కులు గాదు, లారీ డిస్కులు ఏసినా కాలిపోతాయి. పందొమ్మిది కిలోమీటర్లు దిగుడే దిగుడు, దోవ పొడుగునా మలుపులే, బండి బరువంతా ప్యాడ్ల మీదనే మోపితే అవి మాత్రం ఏం జేస్తాయి? రెండో గేర్లో ఏసుకోని ఇంజన్‌తో పట్టుకోవల్ల. మలుపుకి ముందర ఒకసారి గట్టిగా తొక్కి వదిలేయాల, కాలు దానిమీదనే పెట్టుకోని కూచోగూడదు. ఎట్లా 40 నిమిషాల్లోపల దిగనీరు, నీకు తొందరేమి?

పాతకాపు_ఏలూరు:
1979 నుంచి బండి నడుపుతున్నానండి, అంబాసిడర్, ఫియట్, మారుతి 800 అన్నీ. ఘాట్‌లో న్యూట్రల్‌లోనే దిగాను, ఒక్కసారి కూడా ఏమీ కాలేదు. ఈ కాలం కుర్రాళ్ళు నాలుగు వీడియోలు చూసి పెద్దవాళ్ళకి నేర్పడం మొదలెట్టారు.

ఇంజనీర్ సుబ్బు:
మాష్టారూ కోపం తెచ్చుకోకండి, మీ అంబాసిడర్‌ది కార్బురేటర్. అందులో పెట్రోల్ మిగిలిందంటే ఒప్పుకుంటా. ఈ జెన్ ఎంపీఎఫ్ఐ, అంటే కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లు పెట్రోల్ చిమ్ముతాయి. గేర్‌లో ఉంచి యాక్సిలేటర్ వదిలేస్తే చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి, ఇంజెక్టర్లు ఆగిపోతాయి, ఆ కాసేపు పెట్రోల్ సున్నా. న్యూట్రల్ వేస్తే ఇంజన్ ఆడుతూ ఉండటానికి తాగుతూనే ఉంటుంది. అంటే న్యూట్రల్‌లోనే ఎక్కువ ఖర్చు, బ్రేకులు కాలడం బోనస్.

పాతకాపు_ఏలూరు:
సున్నా అట. బంకులో వెయ్యి రూపాయలు కొట్టించేది నేను, లెక్క చెప్పేది మీరు.

చిత్తూరోడు:
ఇంకా కొందరు మారాజులు ఇంజన్ కూడా ఆఫ్ చేస్తారు సామీ. పెడల్‌కి బలమిచ్చే బూస్టర్‌లో మిగిలిన వ్యాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది, మళ్ళా పెడల్ రాయి మాదిరి. ఒకాయన అట్ల దిగి గోడకి ఆనించినాడు, నేనే తాడేసి లాగినా.

పాతకాపు_ఏలూరు:
ఇంజన్ ఆఫ్ చేస్తానని నేనెక్కడ అన్నాను? అనని మాట అంటగట్టకండి.

డల్లాస్ కిట్టు:
హాయ్ గయ్స్, నేను ఇక్కడ నా 98 సివిక్‌కి మొత్తం నేనే చేసుకున్నా, మా గరాజ్‌లోనే. రబ్బరు హోస్‌లు తీసి స్టీల్ అల్లిక ఉన్నవి వేశా, రంధ్రాలున్న డిస్కులు, డాట్ 5 గ్రేడ్ బ్రేక్ ఫ్లూయిడ్, 260 డిగ్రీల దాకా మరగదు. ఘాట్‌కి నువ్వు కూడా డాట్ 5 పోసెయ్ బ్రో, ప్రాబ్లమ్ క్లోజ్.

ఆటోనగర్ బుజ్జి:
క్లోజ్ అయ్యేది ప్రాబ్లమ్ కాదు బాబూ, బండి. డాట్ 5 అంటే సిలికాన్, ఇతని బండిలో ఉండే 3, 4 లతో అస్సలు కలవదు. నువ్వు చెప్పేది 5.1 అయ్యుంటుంది. పాయింటు ఒకటి ఉందా లేదా అన్నది చిన్న విషయం కాదు. ఒక కుర్రాడు డబ్బా మీద 5 చూసి పెద్ద నంబర్ కదా అని పాత దాంట్లోనే పోసి తెచ్చాడు, మొత్తం లైన్లు కడిగి రబ్బర్లు మార్చాల్సొచ్చింది.

డల్లాస్ కిట్టు:
5.1 అనే అన్నాను, టైపో. అంత ఇష్యూ చేయక్కర్లేదు.

రాణిగంజ్ రాజన్న:
రెండుసార్లు 5 అనే కొట్టినవ్ కదనే.

ఇంజనీర్ సుబ్బు:
నంబర్ పక్కనపెట్టండి, ఆయిల్ పాతదైతే ఏదైనా ఒకటే. గాల్లో తేమ లాక్కుంటుంది అది. డాట్ 3 కొత్తగా ఉంటే 205 డిగ్రీల దాకా తట్టుకోవాలి, నీళ్ళు చేరాక 140కే మరుగుతుంది. డాట్ 4 అయితే 230, తడిశాక 155. మరిగితే లైన్‌లో ఆవిరి, ఆవిరి నొక్కితే నొక్కుకుపోతుంది, అదే అతని పెడల్ నేలకి పోవడం. ప్యాడ్ కాలిపోతే పెడల్ గట్టిగానే ఉంటుంది గానీ బండి ఆగదు. ఇతనికి మెత్తబడింది అంటున్నాడు కాబట్టి నా డబ్బు ఆయిల్ మీద.

ఆటోనగర్ బుజ్జి:
నా డబ్బు వీల్ సిలిండర్ మీద, డ్రమ్ములో షూలని తోసేది అదే. రిజర్వాయర్‌లో లెవెల్ తగ్గుతోందా లేదా చూసుకో ముందు.

ఆర్సీ బాధితుడు:
ఇవన్నీ సరే, 2004 బండికి ఆర్సీ రెన్యూవల్ అయిందా? 15 ఏళ్ళు దాటాక ఐదేళ్ళకోసారి, ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 కాస్తా 5 వేలు చేశారు. మా దగ్గర ఫిట్‌నెస్‌కి తీసుకెళ్తే ఆయన బండి కింద కాదు, నా చొక్కా జేబులోకి చూశాడు. పైగా కంపెనీ ఇచ్చింది మార్చి వేరేది పెడితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, 2019లో సుప్రీం కోర్టు కూడా...

రాణిగంజ్ రాజన్న:
అన్నా అది వేరే థ్రెడ్ ఏస్కో. జెన్‌బాబు తమ్మీ, ఒక్కటి జెప్పుడు మర్చిన. నాకు బ్రేకులు మస్తుగైనంక మొదటి వానలనే ఎల్బీనగర్ కాడ ముంగట చక్రాలు లాక్ అయినయ్, స్టీరింగ్ తిప్పినా బండి సీదానే పోయి ఆటో ఎనకకి తాకింది. ఏబీఎస్ (చక్రం లాక్ గాకుండ జూసేది) లేని బండికి 145 మిల్లీమీటర్ల ఎడల్పు టైరు మీద గంత బ్రేకు ఎందుకని మా మేస్త్రి తిట్టిండు. గప్పుడు 155 ఏయించిన. చక్రం ఆపేది బ్రేకు, బండిని ఆపేది టైరు అంటడు ఆయన. నీ టైర్లు ఏ సంవత్సరంవి? పక్కన నాలుగంకెలుంటయ్, కడపటి రెండు జూడు.

డల్లాస్ కిట్టు:
అందుకే వెనక కూడా డిస్కులు వేయాలి, బ్యాలెన్స్ వస్తుంది.

ఇంజనీర్ సుబ్బు:
రాదు సార్. బ్రేక్ వేయగానే బరువంతా ముందుకి వాలుతుంది, అంత చిన్న బండిలో వెనక చేసే పని తక్కువే. వెనక గట్టిగా పట్టేలా చేస్తే వానలో తోక తిరిగి ఎదురుగా వచ్చేవాడి మొహం చూస్తారు. పైగా హ్యాండ్ బ్రేక్ కేబుల్ ఎక్కడ తగిలిస్తారు? రంధ్రాల డిస్కులు కూడా అందానికే, వేడికి ఆ రంధ్రాల దగ్గరే పగుళ్ళొస్తాయి.

డల్లాస్ కిట్టు:
నేను 9 ఏళ్ళుగా వాడుతున్నా, నాకేం పగల్లేదు. వాడనివాళ్ళు చెప్పడం ఈజీ.

పాతకాపు_ఏలూరు:
చూశారా, ఇప్పుడు ఈయన కూడా నా మాటే అంటున్నాడు.

జెన్‌బాబు_04:
లేటైంది, సారీ. నిన్న వెనక డ్రమ్ములు విప్పించా. కుడివైపుది ఊరికే వచ్చింది. ఎడమవైపుది రానంటే రాలేదు, సుత్తితో చుట్టూ తట్టీ తట్టీ అరగంటకి ఊడింది. లోపల నల్లటి జిగురు, వీల్ సిలిండర్ రబ్బరు కింద నుంచి ఆయిల్ కారుతోంది, లైనర్ మొత్తం నానిపోయి వేలు పెడితే జారుతోంది. అంటే ఇన్నాళ్ళూ ఆ చక్రానికి బ్రేకే లేదు. బుజ్జన్న గెలిచాడు, సుబ్బన్న కూడా ఓడలేదు, పాత ఆయిల్ డికాషన్ రంగులో వచ్చింది. రెండు వైపులా సిలిండర్లు, లైనర్లు, ముందు ప్యాడ్లు, ఆయిల్ మొత్తం తీసి డాట్ 4, లేబర్‌తో కలిపి 4,650. హ్యాండ్ బ్రేక్ ఇప్పుడు ఐదో టిక్కుకే పట్టేస్తోంది. ఎస్టీమ్ ప్లాన్ ఆపేశా. టైర్ల మీద 16 అని ఉంది, మిగిలిన డబ్బు వాటికే.

ఆటోనగర్ బుజ్జి:
వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఒకసారి లీకు చూపించుకో. ఆ ఆయిల్ బాడీ మీద ఎక్కడైనా పడితే వెంటనే నీళ్ళతో కడిగెయ్, పెయింట్ తినేస్తది.

చిత్తూరోడు:
ఈసారి దిగేటప్పుడు రెండో గేరు. మీ నాయన పక్కన కూచున్నా సరే.

పాతకాపు_ఏలూరు:
ఆయన బండి 20 ఏళ్ళు ఆయన నడిపాడు కదండీ, క్షేమంగా కొడుకు చేతికిచ్చాడు.

రాణిగంజ్ రాజన్న:
తమ్మీ ఆ కుడివైపు డ్రమ్ము మంచిగనే ఉందంటివి కద, ఎప్పుడన్న మారిస్తే పాతది పారెయ్యకు, నాకు గావాలె.