కెమిస్ట్రీ పుస్తకం గురించి పిల్లల అభిప్రాయం ఎలా అడగాలి?

నేను హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్తాను. మా పాఠ్యపుస్తకం నాకు, తోటి టీచర్లకు బాగానే అనిపిస్తుంది, కానీ పిల్లల్ని కదిపితే మాత్రం సొంతంగా చదివితే ఏమీ ఎక్కట్లేదు సార్ అంటున్నారు. ముఖ్యంగా మోల్ దగ్గర, అంటే పరమాణువుల్లాంటి కణాల్ని లెక్కపెట్టే ప్రమాణం దగ్గర. ఒక మోల్‌లో 6.022 × 10²³ కణాలు అని బట్టీ పట్టేస్తారు, అంత పెద్ద సంఖ్య అసలు ఎందుకు కావాలో చెప్పలేరు. పైగా మా పుస్తకంలో ఇంకా 12 గ్రాముల కార్బన్-12లో ఎన్ని పరమాణువులుంటాయో అన్ని కణాలు ఒక మోల్ అనే పాత నిర్వచనమే ఉంది; 2019లో అది మారింది, ఇప్పుడు ఆ సంఖ్యనే నేరుగా నిర్వచనంగా తీసుకుంటున్నారు, నాకైతే కొత్తదే పిల్లలకు తేలిక.

ఇంకో బాధ, మెగ్నీషియం తీగ కాలితే కంటికి కనిపించే తెల్లటి వెలుగు ఒక పేజీలో, సమీకరణం ఇంకో పేజీలో ఉంటాయి, ఆ లోపల పరమాణువులకు ఏం జరిగిందో చూపించే బొమ్మే లేదు. పిల్లలు తడబడేది సరిగ్గా అక్కడే అని నా అనుమానం.

టీచర్లకూ పిల్లలకూ ఒకే ప్రశ్నలు ఇచ్చి జవాబులు పోల్చి చూద్దామనుకుంటున్నా. పుస్తకం బాగుందా అని అడిగితే అందరూ బాగుందనే రాస్తారు. మరి ఎలా అడగాలి? ఒక పేజీ ఇచ్చి, అర్థం కాని వాక్యం కింద గీత గీయమంటే పనిచేస్తుందా? పేర్లు రాయొద్దంటే నిజం చెప్తారా? ఇలాంటిది చేసినవాళ్ళు, చదువుకునే పిల్లలైనా సరే, దయచేసి చెప్పండి.